సరళా బెహన్

సరళా బెహన్ (1901 ఏప్రిల్ 5 - 1982 జూలై 8) ఇంగ్లాండులో జన్మించి భారతదేశంలో స్థిరపడిన గాంధేయవాది, విద్యావేత్త, సామాజిక కార్యకర్త మరియు రచయిత్రి. ఈమె అసలు పేరు కాథరిన్ మేరీ హైల్‌మన్. సరళ అనే పేరు మహాత్మా గాంధీ పెట్టినది. హిందీలో బెహన్ అనగా సోదరి. ప్రస్తుతం ఉత్తరాఖండ్ రాష్ట్రంలో ఉన్న కుమావూన్ కొండలలో ఈమె సుమారు నాలుగు దశాబ్దాల పాటు బాలికల విద్య, మహిళల సంఘటన, మద్యనిషేధం, అడవుల రక్షణ కొరకు పనిచేసింది. 1946లో కౌసానిలో ఈమె స్థాపించిన కస్తూర్బా మహిళా ఉత్థాన్ మండల్ లక్ష్మీ ఆశ్రమం అనే పేరుతో ప్రసిద్ధి చెందింది. గాంధీ శిష్యురాలు మీరా బెహన్‌తో పాటు ఈమెను కూడా గాంధీ ఆంగ్ల పుత్రికగా పేర్కొంటారు.

చిప్కో ఉద్యమం అనగానే చెట్లను హత్తుకొని నిలిచిన కొండ స్త్రీలు, సుందర్‌లాల్ బహుగుణ, చండీ ప్రసాద్ భట్, గౌరాదేవి గుర్తుకు వస్తారు. ఇంటి గడప దాటి సభకు రావడానికే జంకే స్త్రీలు ఉన్న ప్రాంతంలో అటువంటి ఉద్యమం హఠాత్తుగా పుట్టలేదు. అంతకు పాతికేళ్ళ ముందు నుండే అక్కడ నేలను సిద్ధం చేస్తూ వచ్చిన వారిలో సరళా బెహన్ ముఖ్యురాలు.

తొలి జీవితం

కాథరిన్ 1901లో పశ్చిమ లండన్‌లోని షెపర్డ్స్ బుష్ ప్రాంతంలో జన్మించింది. తండ్రి జర్మన్ మాట్లాడే స్విస్ వంశానికి చెందినవాడు, తల్లి ఆంగ్లేయురాలు. మొదటి ప్రపంచ యుద్ధం మొదలైన తరువాత ఇంగ్లాండులో జర్మన్ పేరు గలవారందరినీ అనుమానంతో చూసే పరిస్థితి ఏర్పడింది. ఈ కారణంగానే ఆమె తండ్రిని నిర్బంధంలో ఉంచారు. పాఠశాలలో తోటివారు ఆమెను వెలివేసినట్లు చూశారు. చదువులో ముందున్నా ఉపకార వేతనం దక్కలేదు. దానితో చదువు మధ్యలో ఆపి కొంతకాలం గుమాస్తాగా పనిచేసింది. తాను పుట్టి పెరిగిన దేశమే తనను పరాయిదానిగా చూడడం ఆమెకు చిన్నతనంలోనే అనుభవమైంది. సామ్రాజ్యం గురించి, యుద్ధం గురించి ఆమె వేసుకున్న ప్రశ్నలకు ఈ అనుభవం కూడా ఒక కారణం కావచ్చు.

1920లలో లండన్‌లో చదువుకుంటున్న భారతీయ విద్యార్థులతో ఆమెకు పరిచయం కలిగింది. వారి ద్వారా గాంధీ గురించి, భారత స్వాతంత్ర్యోద్యమం గురించి తెలుసుకుంది. 1932 జనవరిలో ఓడలో భారతదేశానికి బయలుదేరింది. ఆ తరువాత తిరిగి ఇంగ్లాండు వెళ్ళలేదు.

ఉదయపూర్, సేవాగ్రామ్

భారతదేశానికి వచ్చిన తరువాత ఈమె మొదట రాజస్థాన్‌లోని ఉదయపూర్‌లో విద్యాభవన్ పాఠశాలలో ఉపాధ్యాయినిగా పనిచేసింది. పిమ్మట వార్ధా చేరి గాంధీ ఆశ్రమ జీవితంలో కలిసిపోయింది. 1937లో వార్ధాలో జరిగిన విద్యా సమావేశంలో గాంధీ ప్రతిపాదించిన నయీ తాలీమ్ అనే విద్యా పద్ధతి ఈమెను బాగా ఆకర్షించింది. తెలుగులో దీనిని మూలవిద్య అని కూడా అన్నారు. చేతిపని ఏదైనా ఒకటి కేంద్రంగా చేసుకొని, దాని చుట్టూ లెక్కలు, భాష, ప్రకృతి విజ్ఞానం నేర్పడం ఈ పద్ధతి ప్రత్యేకత. సేవాగ్రామ్‌లో ఆర్యనాయకం, ఆశాదేవి దంపతులు నడిపిన ఈ విద్యా ప్రయోగంలో ఈమె పాల్గొంది. ఖద్దరు ధరించింది, హిందీ నేర్చుకుంది.

అయితే వార్ధా ఎండలు ఆమె శరీరానికి సరిపడలేదు. పదేపదే మలేరియా సోకింది. గాంధీ అంగీకారంతో 1940-41 ప్రాంతంలో చల్లని ప్రదేశమైన కౌసానికి వెళ్ళింది. కౌసాని అప్పట్లో సంయుక్త పరగణాలలోని అల్మోరా జిల్లాలో ఉండేది. 1929లో గాంధీ కుమావూన్ పర్యటనలో కొన్ని రోజులు ఇక్కడ విశ్రమించి, భగవద్గీతకు తాను వ్రాసిన అనాసక్తి యోగం అనే వ్యాఖ్యానానికి పీఠిక వ్రాశాడు. హిందీ కవి సుమిత్రానందన్ పంత్ జన్మస్థలం కూడా ఇదే. ఆరోగ్యం కుదుటపడడానికి వచ్చిన సరళా బెహన్ తన శేష జీవితాన్ని ఎక్కువగా ఈ కొండలలోనే గడిపింది.

కొండ స్త్రీల జీవితం

ఆమె తరువాతి కృషి అర్థం కావాలంటే అప్పటి కుమావూన్, గఢ్వాల్ గ్రామాల పరిస్థితి కొంత తెలియాలి. కొండ వాలుల్లో మెట్లుమెట్లుగా కట్టిన చిన్న మడులే అక్కడి వ్యవసాయ భూమి. ఆ పంటతో ఏడాది పొడవునా ఇల్లు గడవదు. కాబట్టి మగవారిలో చాలామంది సైన్యంలోనో, మైదాన ప్రాంతపు పట్టణాలలోనో ఉద్యోగం వెతుక్కుంటూ వెళ్ళేవారు. నాగలి దున్నడం తప్ప మిగిలిన సేద్యమంతా స్త్రీలదే. తెల్లవారకముందే లేచి నౌలా అనబడే ఊటబావి నుండి నీళ్ళు తేవడం, అడవికి పోయి పశువులకు గడ్డి, ఆకు కోయడం, వంటచెరకు మోపులు నెత్తిన పెట్టుకొని దిగడం, పేడ ఎరువును గంపలతో పొలాలకు మోయడం, ఇవన్నీ వారి దినచర్య. పదేళ్ళ పిల్ల కూడా ఈ పనిలో భాగస్వామి అయినందువలన ఆడపిల్లలను బడికి పంపే ఆలోచనే ఉండేది కాదు.

ఈ జీవితమంతా అడవి మీద ఆధారపడి ఉంది. స్థానికులు బాంజ్ అని పిలిచే ఓక్ జాతి చెట్టు ఆకు పశువులకు మేత, రాలిన ఆకు పొలానికి ఎరువు. బాంజ్ అడవి కింద నేల స్పంజి వలె వాననీటిని పట్టి ఉంచి ఊటలకు మెల్లగా వదులుతుంది. వేసవిలో కూడా నౌలాలు ఎండిపోకుండా ఉండడానికి ఇది కారణం. చీడ్ అనే పైన్ జాతి చెట్టు ఇందుకు భిన్నమైనది. దాని సూదుల వంటి ఆకులను పశువులు తినవు, అవి నేలపై మందంగా పరచుకొని వేసవిలో తేలికగా అంటుకుంటాయి. కాని చీడ్ నుండి రెసిన్ బంక, దాని నుండి టర్పెంటైన్ నూనె వస్తాయి, రైలు పట్టాల కింద వేసే స్లీపర్లకు కలప కూడా వస్తుంది. అందుచేత బ్రిటిషు అటవీ శాఖ చీడ్‌ను ప్రోత్సహించింది. 20వ శతాబ్దపు రెండవ దశాబ్దంలో కుమావూన్ అడవులలో చాలా భాగాన్ని రిజర్వు అడవులుగా ప్రకటించి గ్రామస్తుల హక్కులకు పరిమితులు విధించారు. దీనిపై 1921లో పెద్ద తిరుగుబాటు వచ్చింది. అదే సంవత్సరం జనవరిలో బాగేశ్వర్ సంక్రాంతి జాతరలో ప్రజలు వెట్టిచాకిరి పట్టీలను సరయూ నదిలో పారవేశారు. 1931లో గ్రామస్తులకు వన పంచాయితీలు ఏర్పాటు చేసుకొనే అవకాశం లభించింది. అయితే అడవిలో రోజూ తిరిగే స్త్రీలకు ఆ పంచాయితీలలో స్థానం దాదాపు లేదు.

క్విట్ ఇండియా ఉద్యమం, జైలు జీవితం

1942 ఆగస్టులో క్విట్ ఇండియా ఉద్యమం మొదలైనప్పుడు కుమావూన్ కూడా అట్టుడికిపోయింది. సల్ట్ ప్రాంతంలోని ఖుమాడ్ గ్రామంలో సెప్టెంబరు 5న జరిగిన కాల్పులలో నలుగురు మరణించారు. కార్యకర్తలు వందల సంఖ్యలో జైళ్ళ పాలయ్యారు. వారి ఇళ్ళలో సామాను జప్తు అయింది, కుటుంబాలు దిక్కులేనివయ్యాయి. సరళా బెహన్ ఈ కుటుంబాలను వెతుక్కుంటూ ఒంటరిగా కొండదారుల్లో ఊరూరా తిరిగింది. ప్రభుత్వం ఆమెను గృహ నిర్బంధంలో ఉంచింది. ఆమె దానిని ఉల్లంఘించి మళ్ళీ గ్రామాలకు వెళ్ళింది. ఈ విధంగా రెండుసార్లు శిక్ష పడి అల్మోరా, లక్నో జైళ్ళలో దాదాపు రెండేళ్ళు గడిపింది. ఆంగ్లేయ స్త్రీని ఆంగ్లేయ ప్రభుత్వమే జైలులో పెట్టడం ఆ కొండ ప్రజలకు ఒక వింత. ఆమె పట్ల వారికి నమ్మకం కుదరడానికి ఈ జైలు జీవితం బాగా తోడ్పడింది.

ఈ తిరుగుడులో ఆమె చూసినది స్వాతంత్ర్యోద్యమం ఒక్కటే కాదు. భర్తలు జైలులో ఉండగా పొలం, పశువులు, పిల్లలు, అప్పులు అన్నిటినీ స్త్రీలు ఒంటిచేత్తో నెట్టుకువస్తున్నారు. ఇంత శక్తి గల స్త్రీలు సమావేశానికి రమ్మని పిలిస్తే మాత్రం తాము పశువుల వంటివారమని, పని తప్ప తమకు ఏమీ తెలియదని చెప్పి వెనక్కు తగ్గేవారు. ఈ రెండింటి మధ్య ఉన్న అంతరం ఆమెను కలవరపెట్టింది. పెద్దలతో మొదలుపెడితే ఆలస్యమవుతుందని, ఆడపిల్లల నుండి ప్రారంభించాలని నిర్ణయించుకుంది.

లక్ష్మీ ఆశ్రమం

1946లో కౌసానిలో కొండ మీద ఒక దాత ఇచ్చిన స్థలంలో ఈమె బాలికల కొరకు ఆశ్రమ పాఠశాలను ప్రారంభించింది. 1944లో నిర్బంధంలో మరణించిన కస్తూర్బా గాంధీ పేరు మీద సంస్థకు కస్తూర్బా మహిళా ఉత్థాన్ మండల్ అని పేరు పెట్టారు. దాత భార్య పేరు లక్ష్మి కావడం వలన లక్ష్మీ ఆశ్రమం అనే పేరు వాడుకలో స్థిరపడింది. మొదట్లో విద్యార్థినులు ముగ్గురే.

పిల్లలను రాబట్టడం తేలిక కాలేదు. ఆడపిల్లను పంపితే ఇంట్లో గడ్డి కోసే రెండు చేతులు తగ్గుతాయి. చదువుకున్న పిల్ల మోపు మోయడానికి సిగ్గుపడుతుందని, అత్తవారింట పనికిరాకుండా పోతుందని మరొక భయం. ఒక విదేశీ స్త్రీ చేతిలో పెట్టడంపై సందేహాలు వేరే. ఈ అభ్యంతరాలకు సరళా బెహన్ జవాబు ఆశ్రమ జీవితంలోనే ఉంది. అక్కడి బాలికలు ఆవులను మేపారు, పాలు పితికారు, కూరగాయలు పండించారు, ఉన్ని వడికారు, వంతులవారీగా వంట, పారిశుద్ధ్య పనులు చేశారు, అడవి నుండి గడ్డీ కట్టెలూ తెచ్చుకున్నారు. ఇంటి వద్ద ఏ పనులు తక్కువవిగా భావించబడేవో అవే ఇక్కడ పాఠాలయ్యాయి. పేడ ఎరువు నుండి నేల గురించి, నౌలా నుండి నీటి గురించి, మగ్గం నుండి లెక్కలు నేర్చుకున్నారు. కుల భేదం లేకుండా ఒకే పంక్తిలో భోజనం చేశారు. ఆనాటి కుమావూన్ బ్రాహ్మణ, రాజపుత్ర కుటుంబాలకు ఇది చిన్న విషయం కాదు.

పరీక్షలు, పట్టాలు ఈ పద్ధతిలో ముఖ్యం కాదు. చదువు ముగిసిన తరువాత ఉద్యోగం కొరకు మైదానాలకు పోయే బదులు గ్రామాలకు తిరిగివెళ్ళి పనిచేయాలని ఆమె కోరిక. పట్టా లేని చదువు చదివిన పిల్లల భవిష్యత్తు ఏమిటనే ప్రశ్న మూలవిద్యా పాఠశాలలన్నిటికీ ఎదురైనదే. దేశంలో అటువంటి పాఠశాలలు చాలా వరకు కొన్నేళ్ళలోనే సాధారణ బడులుగా మారిపోగా లక్ష్మీ ఆశ్రమం మాత్రం నిలిచింది. విద్యార్థినులలో కొందరు అక్కడే ఉపాధ్యాయినులుగా, కార్యకర్తలుగా మారడం ఇందుకు ఒక కారణం.

సెలవు రోజులలోను, పంటల మధ్య విరామంలోను సరళా బెహన్ పెద్ద విద్యార్థినులను వెంటబెట్టుకొని కాలినడకన గ్రామాలకు వెళ్ళేది. పదహారు, పదిహేడేళ్ళ అమ్మాయిలు ఊరి స్త్రీలను కూర్చోబెట్టి మాట్లాడడం ఆ గ్రామాలు అంతకుముందు చూడని దృశ్యం. 1951 ఏప్రిల్ 18న నల్గొండ జిల్లా పోచంపల్లిలో వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాల దానంతో మొదలైన భూదానోద్యమం కొద్ది సంవత్సరాలలో ఈ కొండలకు కూడా చేరింది. ఆశ్రమ బాలికలు భూదాన పాదయాత్రలలో పాల్గొన్నారు. రోజుల తరబడి నడవడం, ఎవరింట పెడితే అక్కడ తినడం, తెలియని ఊరిలో సభ జరపడం వారికి ఇక్కడే అలవడింది.

శిష్యురాళ్ళు

ఈ తొలి తరం విద్యార్థినులలో విమలా నౌటియాల్ ఒకరు. టెహ్రీ గఢ్వాల్‌కు చెందిన ఈమె భూదానోద్యమంలో చురుకుగా పనిచేసింది. అప్పట్లో టెహ్రీ కాంగ్రెసులో ఎదుగుతున్న యువ నాయకుడు సుందర్‌లాల్ బహుగుణతో వివాహ ప్రస్తావన వచ్చినప్పుడు, పార్టీ రాజకీయాలు విడిచి గ్రామంలో స్థిరపడి సేవ చేస్తేనే పెళ్ళికి ఒప్పుకుంటానని ఆమె షరతు పెట్టింది. బహుగుణ అంగీకరించాడు. 1956లో వారి వివాహం జరిగింది. టెహ్రీ జిల్లా సిల్యారాలో ఇద్దరూ ఆశ్రమం నెలకొల్పి అక్కడే కాపురముండి బాలికలకు, దళితులకు చదువు చెప్పారు. చిప్కో చరిత్రలో బహుగుణ జీవితాన్ని మలుపు తిప్పిన సంఘటనగా ఈ షరతును పేర్కొంటారు. షరతు పెట్టిన యువతికి ఆ ధైర్యం కౌసానిలో లభించినదే.

అల్మోరా జిల్లాకు చెందిన రాధా భట్ పెళ్ళి సంబంధాలను కాదని, పదహారు పదిహేడేళ్ళ వయసులో ఆశ్రమంలో చేరింది. 1966లో సరళా బెహన్ ఆశ్రమ బాధ్యతలు ఈమెకు అప్పగించి తాను తప్పుకుంది. స్థాపకులు చివరి వరకూ పీఠం దిగని సంస్థలే ఎక్కువగా కనిపించే చోట, ఆరోగ్యంగా ఉండగానే ముప్పై రెండేళ్ళ స్థానిక మహిళకు మొత్తం బాధ్యత ఇవ్వడం గమనించదగిన విషయం.

ఉత్తరాఖండ్ సర్వోదయ మండలి

1961లో సరళా బెహన్ నాయకత్వంలో ఉత్తరాఖండ్ సర్వోదయ మండలి ఏర్పడింది. స్త్రీలను సంఘటితం చేయడం, మద్యపానాన్ని ఎదుర్కోవడం, అటవీ ఉత్పత్తుల మీద ఆధారపడిన చిన్న పరిశ్రమలు నెలకొల్పడం, అడవిపై ప్రజల హక్కుల కొరకు పోరాడడం దీని లక్ష్యాలు. 1962 చైనా యుద్ధం తరువాత సరిహద్దు వరకు రోడ్లు వేశారు. ఆ రోడ్ల వెంట కలప గుత్తేదారులు, సారా దుకాణాలు రెండూ కొండలెక్కాయి. మగవాడు పంపిన మనియార్డరు దుకాణంలో ఖర్చవుతుంటే ఇంటి భారమంతా స్త్రీ మీద పడింది.

1965లో టెహ్రీ జిల్లా ఘన్‌సాలీలో స్త్రీలు మద్యం దుకాణానికి వ్యతిరేకంగా ఆందోళన చేశారు. క్రమంగా ఇతర ప్రాంతాలకు విస్తరించిన ఈ ఉద్యమం ఫలితంగా 1970ల ఆరంభానికి కొండ జిల్లాలలో చాలా చోట్ల మద్యనిషేధం అమలైంది. నెల్లూరు జిల్లా దూబగుంటలో ప్రారంభమైన 1990ల సారా వ్యతిరేక ఉద్యమం తెలిసిన తెలుగువారికి ఈ ఘట్టం సుపరిచితంగానే తోస్తుంది. ఉత్తరాఖండ్‌లో స్త్రీలు మొదటిసారిగా పెద్ద సంఖ్యలో రోడ్డు మీదకు వచ్చినది చెట్ల కొరకు కాదు, సారా దుకాణాల మీద అనే విషయం తరచుగా మరుగున పడుతుంది. పికెటింగులో, జైలులో పక్కపక్కన కూర్చున్న స్త్రీల మధ్య ఏర్పడిన బంధమే తరువాత అడవుల విషయంలో ఉపయోగపడింది.

మండలి ఆలోచనలతో ప్రభావితమైన యువకులలో చండీ ప్రసాద్ భట్ ఒకడు. అతడు 1964లో గోపేశ్వర్‌లో దశోలి గ్రామ స్వరాజ్య సంఘాన్ని నెలకొల్పి స్థానిక యువకులకు ఉపాధి కల్పించే పనులు చేపట్టాడు.

బీహార్, చంబల్

ఆశ్రమం నుండి తప్పుకున్న తరువాత సరళా బెహన్ కొంతకాలం బీహార్‌లో వినోబా భావే భూదానోద్యమంలో పనిచేసింది. 1972లో జయప్రకాశ్ నారాయణ్ సమక్షంలో చంబల్ లోయ బందిపోట్లు లొంగిపోయారు. ఆ తరువాత ఆమె అక్కడకు వెళ్ళి వారి కుటుంబాల మధ్య పనిచేసింది.

అడవుల ఉద్యమం

1930 మే 30న టెహ్రీ సంస్థానంలోని రవాయీఁ ప్రాంతంలో, యమునా తీరాన గల తిలాడీ మైదానంలో, అటవీ హక్కుల కొరకు సమావేశమైన రైతులపై సంస్థానపు సైనికులు కాల్పులు జరిపారు. సర్వోదయ కార్యకర్తలు 1960లలో ఈ అమరుల స్మృతి దినాన్ని అడవుల దినంగా పాటించడం ఆరంభించారు. 1970 జూలైలో అలకనందకు భారీ వరద వచ్చింది. గ్రామాలు, వంతెనలు, రోడ్లు కొట్టుకుపోయాయి, వరద తెచ్చిన ఒండ్రుతో దూరాన ఉన్న గంగా కాలువ కూడా పూడిపోయింది. నరికివేసిన వాలుల దిగువనే నష్టం ఎక్కువగా జరిగిందని సహాయ కార్యక్రమాలలో పాల్గొన్న కార్యకర్తలు గమనించారు. అడవి అంటే కేవలం హక్కు, ఉపాధి అనుకున్న వారికి నీరు, నేల, వరద అన్నీ దానితో ముడిపడి ఉన్నాయని ఈ వరద చూపింది. సరళా బెహన్ ఈ సంగతిని అంతకు ముందు నుండే చెబుతూ వచ్చింది.

1972 జూన్‌లో స్టాక్‌హోమ్‌లో ఐక్యరాజ్యసమితి మానవ పర్యావరణ సదస్సు జరిగింది. అదే సంవత్సరం డిసెంబరులో పురోలా, ఉత్తరకాశి, గోపేశ్వర్‌లలో అటవీ విధానానికి వ్యతిరేకంగా ప్రదర్శనలు జరిగాయి. జానపద గాయకుడు ఘనశ్యామ్ సైలానీ పాటలు ఈ ప్రదర్శనలకు ఊపునిచ్చాయి. 1973 ఏప్రిల్‌లో మండల్ గ్రామంలో చెట్లను హత్తుకొని కాపాడే పద్ధతికి శ్రీకారం చుట్టారు. వ్యవసాయ పనిముట్ల కొరకు గ్రామస్తులు అడిగిన అంగు చెట్లను నిరాకరించి, క్రీడా సామగ్రి తయారుచేసే ఒక సంస్థకు కేటాయించడం ఇందుకు తక్షణ కారణం. 1974 మార్చి 26న రేణి గ్రామంలో మగవారు నష్టపరిహారం కొరకు ఊరు విడిచి వెళ్ళిన సమయంలో గౌరాదేవి నాయకత్వంలో 27 మంది స్త్రీలు, బాలికలు గుత్తేదారు కూలీలను వెనక్కు పంపివేశారు. దీనితో చిప్కో ప్రపంచ ప్రసిద్ధి పొందింది.

సరళా బెహన్‌ను చిప్కో స్థాపకురాలిగా పేర్కొనే వారున్నారు. ఇది పూర్తిగా సరికాదు. మండల్‌లోను, రేణిలోను ఆమె లేదు. ఆయా నిర్ణయాలు స్థానికులవి. రేణి స్త్రీలు ఏ ఆశ్రమంలోనూ చదువుకున్నవారు కారు. అయితే ఉద్యమాన్ని లోయ నుండి లోయకు మోసిన కార్యకర్తలలో చాలామంది ఆమె శిష్యులు లేదా సర్వోదయ మండలి సభ్యులు. 1977లో చిప్కో కార్యకర్తలను కూడగట్టి, చెట్ల నరికివేతతో పాటు చీడ్ చెట్లకు మితిమీరి గాట్లు పెట్టి రెసిన్ తీయడాన్ని కూడా వ్యతిరేకించేలా ఉద్యమాన్ని విస్తరించడంలో ఆమె పాత్ర ఉంది. గాట్లు లోతుగా పడిన చెట్లు గాలికి విరిగిపోవడం, వేసవి మంటలకు ముందుగా ఆహుతి కావడం కొండ ప్రజలకు తెలిసిన విషయమే.

యువకుల పాత్రను కూడా ఇక్కడ చెప్పుకోవాలి. 1974 మే 25న శేఖర్ పాఠక్, షంషేర్ సింగ్ బిష్ట్, కువర్ ప్రసూన్, ప్రతాప్ శిఖర్ అనే యువకులు బహుగుణ ప్రోత్సాహంతో నేపాల్ సరిహద్దులోని అస్కోట్ నుండి హిమాచల్ సరిహద్దులోని ఆరాకోట్ వరకు పాదయాత్ర చేశారు. కుమావూన్, గఢ్వాల్ గ్రామాలను చూసిన ఈ విద్యార్థులు తరువాత అటవీ వేలాలకు వ్యతిరేకంగా జరిగిన పోరాటాలలో ముందు నిలిచారు. చేతిలో డబ్బు లేకుండా, గ్రామస్తులు పెట్టినది తింటూ నడిచే ఈ పద్ధతి సర్వోదయ పాదయాత్రల నుండి వచ్చినదే.

1981లో ఉత్తరప్రదేశ్ కొండ ప్రాంతాలలో వెయ్యి మీటర్ల ఎత్తుకు పైన పచ్చని చెట్లను వాణిజ్యం కొరకు నరకడంపై 15 ఏళ్ళ నిషేధం విధించబడింది. సరళా బెహన్ మరణానికి ముందు చూసిన విజయం ఇది. అయితే ఆమె కోరినది నిషేధం ఒక్కటే కాదు. చీడ్ స్థానంలో మేత, ఎరువు, నీరు ఇచ్చే బాంజ్ వంటి చెట్లు రావాలని, వాటిపై నిర్ణయాధికారం గ్రామాలకు, ముఖ్యంగా స్త్రీలకు ఉండాలని ఆమె అభిప్రాయం. ఈ రెండవ కోరిక చాలా వరకు నెరవేరలేదు.

ధరమ్‌ఘర్, రచనలు

1975లో ఈమె అప్పటి పిథౌరాగఢ్ జిల్లాలోని ధరమ్‌ఘర్‌లో ఒక చిన్న కుటీరానికి మారింది. మంచు శిఖరాలు ఎదురుగా కనిపించే ఈ కుటీరానికి హిమదర్శన్ అని పేరు. అక్కడ కార్యకర్తలను కలుసుకుంటూ రచనలో కాలం గడిపింది. హిందీ, ఆంగ్ల భాషలలో ఈమె 22 పుస్తకాలు వ్రాసింది. సంరక్షణ్ యా వినాశ్ అనే హిందీ గ్రంథం పర్యావరణం గురించినది. కొండల మనుగడకు ఒక ప్రణాళికను ప్రతిపాదిస్తూ ఆంగ్లంలో కూడా వ్రాసింది. ఈమె ఆత్మకథ హిందీలో వ్యావహారిక్ వేదాంత్ పేరుతో వెలువడి తరువాత ఆంగ్లంలోకి అనువాదమైంది.

వాతావరణ మార్పు అనే మాట సామాన్యుల నోట వినబడని కాలంలోనే ఈమె అడవి, నీరు, ఇంధనం, వినియోగం ఒకే సమస్యకు భిన్న ముఖాలని భావించింది. పాశ్చాత్య పారిశ్రామిక జీవితాన్ని దగ్గర నుండి చూసి వచ్చినందున ఆ బాటలో అందరూ నడిస్తే భూమి భరించలేదని ఈమె నమ్మకం. ఈ వాదన ఆనాడు చాలామందికి ఛాదస్తంగా కనిపించింది.

ఈమెకు జమ్నాలాల్ బజాజ్ పురస్కారం లభించింది. 75వ జన్మదిన సందర్భంలో హిమాలయ పుత్రికగా ఈమెను కీర్తించారు.

మరణం, అనంతరం

సరళా బెహన్ 1982 జూలై 8న మరణించింది. లక్ష్మీ ఆశ్రమంలో హిందూ సంప్రదాయం ప్రకారం అంత్యక్రియలు జరిగాయి. పన్నెండు రోజుల తరువాత, జూలై 20న, ఆస్ట్రియాలో మీరా బెహన్ మరణించింది. మీరా బెహన్ కూడా గఢ్వాల్‌లోని భిలంగనా లోయలో నివసించి బాంజ్ అడవుల క్షీణత గురించి 1950లలోనే హెచ్చరించింది. కాని 1959లో ఆమె భారతదేశం విడిచి వెళ్ళింది. ఏటా సరళా బెహన్ స్మృతిలో లక్ష్మీ ఆశ్రమంలో సర్వోదయ కార్యకర్తల సమావేశం జరిగే ఆనవాయితీ ఏర్పడింది. కౌసానిలో ఆమె స్మారక మ్యూజియం నెలకొల్పనున్నట్లు 2006లో ఉత్తరాఖండ్ ప్రభుత్వం ప్రకటించింది.

1980లలో అల్మోరా జిల్లా గ్రామాలలో బలపపు రాయి గనులు పొలాలను, ఊటలను పాడుచేసినప్పుడు స్త్రీలు జరిపిన పోరాటాలకు రాధా భట్, లక్ష్మీ ఆశ్రమ కార్యకర్తలు అండగా నిలిచారు. రాధా భట్ తరువాత గాంధీ శాంతి ప్రతిష్ఠానానికి అధ్యక్షురాలైంది. 2008లో జరిగిన నదీ బచావో ఉద్యమానికి నాయకత్వం వహించింది. 2025లో ఈమెకు పద్మశ్రీ లభించింది. విమలా బహుగుణ అదే సంవత్సరం ఫిబ్రవరిలో మరణించింది.

సరళా బెహన్‌ను ఎన్నడూ విద్యార్థినిగా ఎరుగని మరొక తరం కూడా ఆశ్రమం నుండి వచ్చింది. పిథౌరాగఢ్ ప్రాంతానికి చెందిన బసంతీ దేవి బాల్యంలో పెళ్ళయి, చిన్న వయసులోనే వితంతువై లక్ష్మీ ఆశ్రమం చేరి చదువుకుంది. అడవి నరికివేత, మంటలు ఇలాగే సాగితే కోసీ నది కొద్ది సంవత్సరాలలో ఎండిపోతుందని 2003 ప్రాంతంలో ఒక పత్రికలో చదివి, కౌసాని దిగువ గ్రామాలలో కట్టెలకు వచ్చే స్త్రీలతో మాట్లాడడం మొదలుపెట్టింది. అడవి సర్కారుది అయినప్పుడు తామెందుకు కాపాడాలని వారు మొదట ఎదురు ప్రశ్న వేశారు. కోసీ ఎండితే ఆ లోయలో పొలాల గతి ఏమిటనే చర్చ చాలా నెలలు సాగిన తరువాత, పచ్చని బాంజ్ కొమ్మలు నరకరాదని, ఎండు కట్టెలే ఏరుకోవాలని గ్రామ స్త్రీలు కట్టుబాటు చేసుకున్నారు. అటవీ శాఖ కూడా చెట్లు కొట్టరాదని షరతు పెట్టి ఒప్పించారు. వేసవిలో మంటలు చెలరేగినప్పుడు ఆర్పడానికి వారే కొండ ఎక్కారు. బసంతీ దేవికి 2022లో పద్మశ్రీ లభించింది.